ఆషాఢంలో మునగాకు

మా అమ్మ గుండెలో ఉన్న నాలుగు కవాటాల్లో మూడు ఆమెతో పుట్టినవి. నాలుగోది మొన్న శివరాత్రి వెళ్ళాక కాకినాడ ఆసుపత్రిలో అమర్చినది. గుడ్డ చుట్టిన ఉంగరం లాంటి చట్రం, అందులో అర్ధచంద్రాకారంలో రెండు పలచని కార్బన్ రేకులు. రక్తం వచ్చినప్పుడు అవి తెరుచుకుంటాయి, వెనక్కి తిరగబోతే మూసుకుంటాయి. అంతే దాని పని.

నేను ఒక గ్యాస్ ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంటేషన్ టెక్నీషియన్ని. అలాంటి వాల్వుల మధ్యే నా ఉద్యోగం. సర్జన్ కాగితం మీద బొమ్మ గీసి చూపించినప్పుడు నాకు ఒక్క సందేహమే వచ్చింది. దానికి సర్వీసు ఎలా చేస్తారని అడిగాను.

"సర్వీసు ఉండదు బాబూ," అన్నాడాయన. "దాని మీద రక్తం గడ్డకట్టకుండా చూసుకోవాలి. మీరు చెయ్యగలిగిన సర్వీసు అదొక్కటే."

పాత కవాటం పాడవడానికి కారణం అమ్మ చిన్నతనంలో ఉంది. దరియాలతిప్పలో బడికి వెళ్ళే రోజుల్లో ఆమెకు గొంతునొప్పి వచ్చింది, తర్వాత జ్వరం, ఆ తర్వాత మోకాళ్ళ వాపు. వాపు తగ్గింది, అందరూ మర్చిపోయారు. ఆ జ్వరం గుండె కవాటం మీద మచ్చ వదిలి వెళ్ళిందనీ, ఆ మచ్చ ఏళ్ళ తరబడి గట్టిపడుతూ దారిని ఇరుకు చేసిందనీ ఎకో పరీక్ష చేసేదాకా ఎవరికీ తెలియదు. అమ్మ యానాంలో జాకెట్లు కుడుతుంది. తొక్కుడు మిషను తొక్కుతూ ఆయాసపడితే వయసు అనుకుంది. మెట్టకూరు వెళ్ళి వస్తూ దారిలో ఆగితే ఎండ అనుకుంది.

కొత్త వాల్వుకి శబ్దం ఉంది. గదిలో ఫ్యాను ఆపితే వినపడుతుంది, సన్నని, పొడి టిక్కు. మొదటి వారం నాన్న నిద్రపోలేదు. తర్వాత అది వినపడితే తప్ప ఆయనకు నిద్ర పట్టేది కాదు. కొలతలు ఇవ్వడానికి వచ్చిన ఆడవాళ్ళు అమ్మ దగ్గరగా నిలబడి ఒక్కసారి ఆగిపోయేవారు.

"గడియారం మింగేసావేంటే?" అంది ఎదురింటి మామ్మ మొదటిసారి విని.

"మింగలేదత్తా, కుట్టించుకున్నాను," అంది అమ్మ.

మామ్మ మాకు చుట్టం కాదు. వాళ్ళు కేథలిక్కులు. అమ్మ పెళ్ళయి ఈ వీధికి వచ్చినప్పుడు గోదావరి చేపల పులుసు పెట్టడం నేర్పింది ఆవిడే. ఆ రోజు నుంచీ అమ్మ ఆవిడని అత్తా అనే పిలుస్తుంది. ఆవిడకి పిల్లలు లేరు. పెరట్లో రెండు కొబ్బరి చెట్లు, ఒక జామ, ఒక మునగ ఉన్నాయి. కొబ్బరికాయలు అమ్ముతుంది, మిగతావి పంచిపెడుతుంది.

ఆపరేషన్ తర్వాత అమ్మ జీవితాంతం వేసుకోవాల్సిన మాత్ర ఒకటి ఉంది, రక్తం గడ్డకట్టే వేగాన్ని తగ్గించేది. ఆ మాత్ర తక్కువైతే వాల్వు మీద గడ్డ పెరుగుతుంది. ఎక్కువైతే చిన్న దెబ్బకి కూడా రక్తం ఆగదు. రెండింటి మధ్య సన్నని దారిలో నడుస్తున్నామో లేదో చూడడానికి నెల నెలా ఐ.ఎన్.ఆర్. అనే పరీక్ష చేయిస్తారు. అమ్మకు అది రెండున్నరకీ మూడున్నరకీ మధ్య ఉండాలి. ఆకుకూరల్లో ఉండే విటమిన్ ఒకటి ఈ మాత్రకి సరిగ్గా ఎదురు పనిచేస్తుంది. డిశ్చార్జి రోజున నర్సు ఆ మాట చెప్పగానే అమ్మ తోటకూర, పాలకూర, చుక్కకూర, గోంగూర అన్నీ మానేసింది. పరీక్ష చేయించిన ప్రతిసారీ అంకె ఉండాల్సిన చోటే ఉంది. అంకె దాని చోట ఉంటే నాకు నెమ్మది.

ఆషాఢం వచ్చింది. గోదావరికి ఎర్రనీరు దిగింది.

మావైపు ఆషాఢంలో మునగాకు తినాలంటారు. మామ్మది వేరే మతమైనా ఈ ఒక్క విషయంలో ఆవిడ మా అందరికంటే పట్టుదల మనిషి. "ఆషాఢం మీదే, చెట్టు నాదే," అనేది. పైగా అమ్మది పచ్చి ఒళ్ళు. బాలింతకి పెట్టే పథ్యం ఏదో కోత పడిన మనిషికీ అదే అన్నది ఆవిడ లెక్క. బాలింతకి మావైపు పెట్టే కూర తెలగపిండి మునగాకు. నువ్వులు ఆడిన తర్వాత మిగిలిన పిండితో మునగాకు కలిపి వెల్లుల్లి వేసి పొడిపొడిగా చేస్తారు. వీధిలో మిగతా ఆడవాళ్ళు కూడా ఆవిడ మాట విని మునగాకు పప్పనీ, మునగాకు పొడి అనీ గిన్నెలు పంపడం మొదలుపెట్టారు. కానీ రోజూ తప్పకుండా వచ్చేది మామ్మ గిన్నె.

"రోజూ ఎందుకత్తా? మొహం మొత్తుతోంది," అంది అమ్మ ఒకనాడు.

"కూర బాలేదని చెప్పు, మానేస్తాను."

"బాలేదని నేనన్నానా?"

"ఐతే నోర్మూసుకుని తిను. ఎముక కోసి కుట్టారే నిన్ను. ఆ డాక్టరు పెట్టేదేదో పెట్టేసాడు. మిగతా ఒళ్ళు మనమే నిలబెట్టుకోవాలి."

"నోరు మూసుకుని ఎలా తింటదండీ?" అన్నాడు నాన్న పక్కనుంచి.

"నువ్వూరుకో అబ్బాయ్. నీకూ తెచ్చాను."

నాన్న ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. చేపల వేటకి వెళ్ళే బోట్లకి దిమ్మలు సరఫరా చేసే ఫ్యాక్టరీ. మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు ఆయనా, డ్యూటీ లేనప్పుడు నేనూ ఆ గిన్నె అడుగు దాకా ఊడ్చేసేవాళ్ళం. మునగాకు చెట్టు నుంచి వస్తుంది. ఆకుకూర మడిలో పెరుగుతుంది. మా వీధిలో ఎవరికీ ఇవి రెండూ ఒకటి అన్న ఆలోచనే లేదు. మునగాకు అంటే ఒంటికి మందు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. అప్పటిదాకా కురిసిన వాన కూడా అప్పుడే వెలిసింది. అమ్మ మిషను ముందు కూర్చుని ఉంది. పాదాలు తొక్కుడు మీద ఉన్నాయి కానీ తొక్కడం లేదు. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది, ఆ నిశ్శబ్దంలో వినపడాల్సినది వినపడలేదు.

"ఏంటమ్మా, ఆగిపోయావ్?"

"గాలి లేదురా. ఉక్క."

"ఉక్కేనా? ఇంకేమైనా ఉందా?"

"ఏముంటది? రెండు రోజుల్నించి వెల్లకిలా పడుకుంటే కాస్త ఆయాసం. దిండు ఎత్తు పెట్టుకుంటే బానే ఉంటంది. శ్రావణం పెళ్ళిళ్ళ జాకెట్లన్నీ నా నెత్తి మీదే ఉన్నాయి, ఇప్పుడు ఆస్పత్రంటే కుదరదు."

ప్లాంటులో స్క్రూడ్రైవరు కొస పైపుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని లోపల రేకు ఆడుతోందో లేదో వింటాం. ఇంట్లో ఆ అవసరం లేదు. నేను అమ్మ వెనక మోకాళ్ళ మీద కూర్చుని ఆమె వీపుకి చెవి ఆనించాను. చాలా ఏళ్ళ తర్వాత అలా ఆనించడం. కుంకుడుకాయ వాసన, కొత్త గుడ్డ గంజి వాసన. లోపల టిక్కు ఉంది కానీ తడిగుడ్డ కప్పినట్టు, మెత్తగా, దూరంగా ఉంది.

"నీ తల వానకి తడిగా ఉందిరా, నా జాకెట్టు తడుస్తంది," అంది అమ్మ. కానీ కదలలేదు. "ఏం వినపడతంది?" అంది.

"కాకినాడ వెళ్దాం అమ్మా. ఇప్పుడే."

ఆమె వాదించలేదు. సూది గుచ్చిన చోటే వదిలేసి లేచింది. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

ఆసుపత్రిలో రక్తం తీశారు. ఐ.ఎన్.ఆర్. ఒకటి పాయింట్ మూడు. డాక్టరు చిన్న వయసు ఆవిడ, నా కంటే నాలుగైదేళ్ళు పెద్ద ఉంటారేమో. అమ్మ మంచం మీదే ఒక పక్కన కూర్చుని అడిగారు.

"మాత్ర ఎప్పుడైనా మర్చిపోయారా అమ్మా?"

"ఒక్క పూట కూడా లేదండి."

"ఆకుకూరలు?"

"ముట్టలేదండి. తోటకూర లేదు, పాలకూర లేదు. గోంగూరైతే పచ్చడి కూడా మానేసాను. కావాలంటే ఈయన్ని అడగండి."

"ముట్టలేదండి," అన్నాడు నాన్న. "నాకూ వండట్లేదు."

ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. డాక్టరు ఆ అంకె వైపూ అమ్మ వైపూ మార్చి మార్చి చూశారు.

తర్వాత ఎక్స్‌రేతో వీడియో లాగా చూసే గదికి తీసుకెళ్ళారు. అద్దం ఇవతల నుంచి నాకూ నాన్నకీ తెర కనిపించింది. బూడిద రంగులో పక్కటెముకలు, ఎముక కలిపిన తీగల ముడులు, మధ్యలో ఉంగరం. ఉంగరంలో ఒక రేకు తలుపులా తెరుచుకుంటూ మూసుకుంటోంది. రెండోది వంపుగా అలాగే నిలబడిపోయింది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మొదటిది ఒక్కటే కదిలింది.

"ఆ రెండోది జామైంది కదండీ?" అన్నాను.

"అవును. దాని మీద గడ్డ కట్టింది. మొదటిది కూడా ఆగితే..." అని డాక్టరు వాక్యం పూర్తి చెయ్యలేదు. దారులు రెండున్నాయి అన్నారు. ఛాతీ మళ్ళీ తెరిచి వాల్వు మార్చడం ఒకటి. ఇంత త్వరగా రెండోసారి అంటే ప్రమాదం ఎక్కువ. గడ్డని కరిగించే మందు నెమ్మదిగా నరంలోకి ఎక్కించడం రెండోది. అది చాలామందిలో పనిచేస్తుంది. కానీ కరిగేటప్పుడు ఒక ముక్క ఊడి మెదడుకి వెళ్ళొచ్చు, లేదా లోపలెక్కడైనా రక్తస్రావం కావచ్చు. మందుతోనే మొదలుపెడదామని ఆవిడ సలహా.

"పైనుంచి చిన్న దెబ్బేస్తే ఊడదా అండీ?" అని నాన్న అడగబోయి, సగంలో తనే ఆపేశాడు. "లేదులెండి. దెబ్బెయ్యకూడదు. డబ్బాలోంచి ఐసు దిమ్మ రాకపోతే మా కుర్రాళ్ళు సుత్తి పట్టుకుంటారు. దిమ్మ పగిలిపోద్ది. నీళ్ళలో ముంచి ఊరుకుంటే అదే జారి వచ్చేస్తది."

"అంతేనండి. మేం చేసేది కూడా అదే," అన్నారు డాక్టరు.

నాన్న సంతకం పెట్టాడు. ఆయన చేతులు ఎప్పుడూ చల్లగా ఉంటాయి. ఆ రోజు పెన్ను అందుకుంటూ వేళ్ళు తగిలితే వేడిగా ఉన్నాయి.

మందు ఎక్కుతూనే ఉంది. గంట గంటకీ నర్సు అమ్మని పేరు చెప్పమనేది, రెండు చేతులూ ఎత్తమనేది, నవ్వమనేది. గడ్డ ముక్క మెదడుకి వెళ్తే మూతి వంకరపోతుంది, చెయ్యి లేవదు, అందుకని.

"ఇన్నిసార్లు నవ్వమన్నవాళ్ళు నా పెళ్ళిలో కూడా లేరు," అంది అమ్మ నాతో. నవ్వు రెండు వైపులా సమంగా ఉందో లేదో చూశాను. ఉంది.

మర్నాడు పొద్దున్న రోగుల్ని చూడనిచ్చే వేళకి మామ్మ వచ్చింది. యానాంలో మొదటి బస్సు పట్టుకుని, కొత్త చీర కట్టుకుని, మెడలో సిలువతో, చేతిలో క్యారేజీతో వచ్చింది. నన్ను చూడగానే నా గడ్డం పట్టుకుంది.

"ఎలా ఉందిరా దానికి? ఆస్పత్రి తిండి తిని నీరసించిపోయిందా?"

"మందు ఎక్కుతోంది మామ్మా. ఇంకా తెలీదు."

అప్పుడే డాక్టరు రౌండ్సు ముగించుకుని బయటికి వచ్చారు. మామ్మ ఆవిడకి అడ్డంగా నిలబడి నమస్కారం పెట్టింది.

"అమ్మా, ఇది దానికి నాలుగు ముద్దలు పెట్టనియ్యండి. వేడిగా ఉంది."

"ఏం తెచ్చారండీ?"

"తెలగపిండి మునగాకమ్మా. ఆషాఢం ఒచ్చిన కాడ్నించీ రోజూ ఇదే పెడతన్నాను. ఇది లేకపోతే దానికి ముద్ద దిగదు."

డాక్టరు క్యారేజీ వైపు చూసి, నా వైపు చూసి, మామ్మ చెయ్యి పట్టుకుని వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. తనూ పక్కన కూర్చున్నారు.

"రోజూ పెట్టారా మామ్మగారూ? ఎంత?"

"గిన్నెడు. ఏం తల్లీ?"

"ఆకుకూరలు పెట్టొద్దని ఆవిడ చెప్పలేదా?"

"చెప్పింది. ఆకుకూర నేనెందుకు పెడతాను? ఇది చెట్టాకమ్మా. మందు. బాలింతలకి పెడతాం."

డాక్టరు గొంతు పెంచలేదు. తన అమ్మమ్మ కూడా ఆ కూర చేసేదన్నారు, తనకీ ఇష్టమన్నారు. మడిలో పెరిగినా చెట్టుకి పెరిగినా ఆకులో ఉండేది ఒకటేననీ, మునగాకులో అది మరీ ఎక్కువనీ, తాము మాత్రతో రక్తాన్ని గడ్డకట్టకుండా ఆపుతుంటే ఆకు ఆ మాత్రని కొట్టేసిందనీ చెప్పారు.

మామ్మ తన చేతిలోని క్యారేజీ వైపు చూసుకుంది. తర్వాత, "అంటే నేనేనా తల్లీ?" అంది.

"మీరు కాదు. మంచి ఆకే, మంచి మనసుతోనే పెట్టారు. తిండి మారితే మాత్ర కూడా మార్చాలి. మారిందని మాకు తెలీలేదు, అంతే."

"నా చేత్తో పెట్టాను. వద్దంటే తిట్టి పెట్టాను."

క్యారేజీ మూత బిగించి ఒళ్ళో పెట్టుకుంది. లోపలికి వెళ్ళి చూడమంటే వెళ్ళలేదు. నేను తెచ్చిన టీ తాగలేదు. జపమాల వేళ్ళ మధ్య తిరుగుతూనే ఉంది. నాన్న వచ్చి పక్కన కూర్చుని, "నేను కూడా తిన్నానండీ, ఎవరికి తెలుసు," అన్నాడు. ఆవిడ తల ఊపింది గానీ ఆ మాట ఆవిడకి చేరలేదు.

సాయంత్రం అమ్మని మళ్ళీ ఆ గదికి తీసుకెళ్ళారు. నేనూ నాన్నా అద్దం దగ్గర నిలబడ్డాం. తెర మీద ముందు ఏమీ అర్థం కాలేదు. టెక్నీషియన్ యంత్రాన్ని కాస్త వంచాడు. ఉంగరం పక్కకి తిరిగింది. ఒక రేకు తెరుచుకుంది. దానితోపాటు, ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా, రెండోది తెరుచుకుంది. మూసుకుంది. మళ్ళీ రెండూ తెరుచుకున్నాయి.

"ఊడిందా?" అన్నాడు నాన్న.

"ఊడింది నాన్నా."

ఆయన అద్దం మీద అరచెయ్యి ఆనించి అలాగే నిలబడ్డాడు. నేను తెర చూడ్డం మానేసి ఆయన్నే చూశాను. ఆయన పెదవులు వాల్వుతోపాటు లెక్కపెడుతున్నాయి.

వరండాలోకి పరిగెత్తుకుని వచ్చి మామ్మకి చెప్పాను. సిలువ గుర్తు వేసుకుంది. "నవ్వుతోందా?" అని అడిగింది. నవ్వుతోందన్నాను. "ఐతే చాల్లే," అని లేచి, అమ్మని చూడకుండానే బస్టాండుకి వెళ్ళిపోయింది.

అమ్మ ఇంటికి వచ్చింది. కొన్నాళ్ళపాటు పరీక్ష వారం వారం చేయించమన్నారు. ఆకు పూర్తిగా మానెయ్యక్కర్లేదనీ, తింటే ఎప్పుడూ ఒకే కొలతలో తినాలనీ, దానికి తగ్గట్టు మాత్ర లెక్క కడతామనీ చెప్పారు. వారానికి రెండుసార్లు ఒక గుప్పెడు. డాక్టరు అమ్మని ఏ ఆకు కావాలో కోరుకోమన్నారు. అమ్మ ఆలోచించకుండా మునగాకు అంది.

మామ్మ మాత్రం రావడం మానేసింది. వీధి తలుపు దగ్గరగా వేసి ఉండేది. రోజూ పొద్దున్న మా అరుగు మీద ఏదో ఒకటి ఉండేది, సీలు విప్పని బిస్కెట్ ప్యాకెట్టు, చెక్కని కొబ్బరిబొండం, ఒలవని అరటిపళ్ళు. తన చెయ్యి లోపలికి వెళ్ళే వీలులేనివి తప్ప ఇంకేమీ పెట్టలేదు.

అమ్మ నాలుగైదు రోజులు చూసింది. తర్వాత ఒక ఉదయం, మిషను మీద గుడ్డ కప్పి, "పదరా, తోడు రా," అంది. రోడ్డు దాటడానికి ఆమెకు తోడు అవసరం లేదు. అయినా వెళ్ళాను.

మామ్మ పెరట్లో కొబ్బరీనెలు గీస్తోంది. అమ్మని చూసి కత్తి కింద పెట్టింది. లేవబోయి లేవలేదు.

"బిస్కెట్లు తిని తిని నోరు చచ్చిపోయింది," అంది అమ్మ. "ఆకలేస్తంది. కూరొండు."

"నేనొండను."

"ఎందుకొండవు?"

"చంపేద్దును కదే నిన్ను."

"చంపలేదుగా. ఎదురుగా ఉన్నానుగా. డాక్టరుగారు తినమన్నారు. వారానికి రెండుసార్లు, గుప్పెడు. దానికి సరిపడా మాత్ర రాసారు. నువ్వొండకపోతే ఆ లెక్క తప్పుద్ది. వీణ్ణి అడుగు."

మామ్మ నన్ను చూసింది. నిజమేనన్నాను.

"ఎవరి గుప్పెడు?" అని అడిగింది. ఆ ప్రశ్న మాలో ఎవరమూ డాక్టరుని అడగలేదు.

"నాదే," అంది అమ్మ.

"ఐతే నువ్వే కొయ్యి. నేను ముట్టుకోను."

మునగ కొమ్మ అమ్మకి అందలేదు. మామ్మ లేచి రెండు చేతులతో కొమ్మ వంచి పట్టుకుంది. అమ్మ రెబ్బలు దూసి గుప్పెట్లోకి తీసుకుంది. మామ్మ కొమ్మ వదిలేసి, అమ్మ గుప్పెట విప్పదీసి చూసి, నాలుగు ఆకులు తీసి పారేసింది.

"ఎక్కువైంది."

"ఎక్కడైంది? మూసుకుంటంది కదా."

"నొక్కి మూసావు. నొక్కకుండా ముయ్యి."

అమ్మ నొక్కకుండా మూసింది. మామ్మ ఆ గుప్పెట చుట్టూ తిరిగి చూసింది. ఇంకో రెండు తీసింది. ఒకటి మళ్ళీ పెట్టింది. ఆ గుప్పెడు కింద తన రెండు చేతులూ దోసిలిగా పట్టి, ఒక్క ఆకు కూడా రాలకుండా అమ్మని వంటింట్లోకి నడిపించుకుంటూ వెళ్ళింది.

"పప్పులోనా, తెలగపిండితోనా?" అని లోపల్నుంచి వినపడింది.

"తెలగపిండే," అంది అమ్మ, పీట లాక్కుని పొయ్యి పక్కన కూర్చుంటూ.